బొడ్డుతాడు రక్తాన్ని ప్రజా నిధికి ఇవ్వడం: చెన్నైలో ఎంతవరకు సాధ్యం?

వేళచ్చేరి_వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నాకు ఇప్పుడు ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని, నెల్లూరు వచ్చేయమని పెద్దవాళ్లు అన్నారు. కానీ మొదటి నుంచీ పరీక్షలన్నీ ఇక్కడే జరిగాయి కనుక చెన్నైలోనే కాన్పు చేయించుకోవాలని నిశ్చయించుకున్నాం. ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా ఏదో ఒక ప్రైవేటు బ్యాంకు ప్రతినిధి వచ్చి, బొడ్డుతాడు రక్తాన్ని మీ బిడ్డ కోసం దాచుకోండి అంటూ కాగితాలు చేతిలో పెడుతున్నారు. డబ్బు కట్టి మా బిడ్డ కోసమే దాచడం కన్నా, అవసరమైన ఎవరికైనా అందేలా ప్రజా నిధికి గానీ, పరిశోధనకు గానీ ఇవ్వడం మేలని నాకూ మా వారికీ అనిపిస్తోంది. అయితే ఎవరిని అడగాలో, ఇచ్చిన తర్వాత దానిని ఏం చేస్తారో, ఇవ్వడం వల్ల బిడ్డకు ఏమైనా లోటు జరుగుతుందేమో మాకు తెలియడం లేదు. ఈ రంగంలో పనిచేస్తున్నవారు, అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి. అమ్మ, అత్తయ్య కూడా చదువుతారు.

రక్తనిధి_సాంకేతికుడు

అమ్మా, నేను రక్తనిధి ప్రయోగశాలలో చాలా కాలంగా పనిచేస్తున్నాను. కొన్నేళ్లు బొడ్డుతాడు రక్తాన్ని శుద్ధి చేసి అతిశీతలంలో ఘనీభవింపజేసే విభాగంలోనూ ఉన్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు కూడా చదువుతారంటున్నారు కనుక మొదటి నుంచీ చెబుతాను.

బిడ్డ పుట్టి, బొడ్డు కోసిన తర్వాత మాయలోనూ తాడులోనూ మిగిలిపోయే రక్తమే ఇది. సాధారణంగా 50 నుంచి 150 మిల్లీలీటర్ల వరకు వస్తుంది. ఎవరూ తీసుకోకపోతే మాయతో పాటు పసుపు సంచిలో పడి, జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం నాశనానికి వెళ్తుంది. పెద్దవాళ్ల ఎముక మజ్జలో ఉన్నట్టే ఈ రక్తంలోనూ ఎర్ర కణాలను, తెల్ల కణాలను, ప్లేట్‌లెట్లను పుట్టించే మూలకణాలు ఉంటాయి. అందుకే లుకేమియా (రక్త క్యాన్సర్), థలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు), కొన్ని రకాల రోగనిరోధక లోపాలు ఉన్నవారికి మజ్జకు బదులుగా దీనిని ఎక్కించవచ్చు.

ఇది తొలిసారి 1988 అక్టోబరులో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో జరిగింది. ఫాంకోనీ రక్తహీనత అనే జన్యు జబ్బుతో బాధపడుతున్న ఒక అమెరికా బాలుడికి, అతని చెల్లెలు పుట్టినప్పుడు సేకరించిన రక్తాన్ని ఎలియాన్ గ్లుక్‌మాన్ బృందం ఎక్కించింది. ఆ రక్తాన్ని అతిశీతలంలో ఘనీభవింపజేసి భద్రపరచినది అమెరికాలోని హాల్ బ్రాక్స్‌మయర్ ప్రయోగశాల. ఆ బాలుడు కోలుకున్నాడు. ఆ తర్వాత 1992లో న్యూయార్క్ బ్లడ్ సెంటర్‌లో పాబ్లో రూబిన్‌స్టైన్ ప్రపంచంలోనే మొదటి ప్రజా నిధిని ప్రారంభించారు. ఎవరి బిడ్డ రక్తమైనా, సరిపోయే రోగి ఎవరికైనా ఇవ్వడమే దాని నియమం.

సేకరణ గురించి భయపడనవసరం లేదు. తాడు కోసిన తర్వాత తాడులోని సిరలోకి సూది గుచ్చి, గడ్డకట్టకుండా ఉంచే ద్రవం ఉన్న సంచిలోకి రక్తాన్ని దానంతట అదే జారనిస్తారు. తల్లికీ బిడ్డకూ నొప్పి ఉండదు. 48 గంటల లోపు ప్రయోగశాలకు చేరితే మంచిది. అక్కడ మేము కణాల సంఖ్య లెక్కించి, సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసి, తల్లి రక్తంలో హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తాం. ఎర్ర కణాలను చాలావరకు తొలగించి, కణాలు పగిలిపోకుండా కాపాడే రసాయనం కలిపి, నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి, చివరికి ద్రవ నత్రజని ట్యాంకులో ఉంచుతాం. ద్రవ నత్రజని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. అలా దాచిన రక్తంలోని మూలకణాలు 23 ఏళ్ల తర్వాత కూడా చురుకుగా ఉన్నాయని బ్రాక్స్‌మయర్ బృందం 2011లోనే చూపింది.

పెరంబూరు_నాన్న

సాంకేతిక విషయాలు సాంకేతికుడు గారు చెప్పారు కనుక, రోగి ఇంటివైపు నుంచి నేను రాస్తాను. మా పెద్దబాబుకు థలసీమియా మేజర్. ఆరు నెలల వయసులో బయటపడింది. అప్పటి నుంచి మూడు నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకుపోయే ఇనుమును తీయడానికి రోజూ మందు వేయాలి. వెల్లూరు సి.ఎం.సి.లో చూపించినప్పుడు, మూలకణ మార్పిడి చేస్తే జబ్బు నయమయ్యే అవకాశం ఉందని, అయితే హెచ్.ఎల్.ఎ. (తన కణాలేవో పరాయివేవో ఒంటికి తెలిపే, కణాల మీది గుర్తులు) కలిసే దాత కావాలని చెప్పారు. తోడబుట్టినవారితో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. మాకు అప్పటికి ఒక్కడే సంతానం. దాతల పట్టికలో వెతికించాం. ఫలితం రావడానికి పట్టిన ఆ కాలం మాకు ఎలా గడిచిందో మాటల్లో చెప్పలేను. పూర్తిగా కలిసినవారు దొరకలేదు.

తర్వాత పాప పుట్టింది. గర్భంలోనే పరీక్ష చేయించి, పాపకు జబ్బు లేదని తెలుసుకున్నాం. దేవుడి దయవల్ల అన్నతో కలిసింది కూడా. వైద్యుల సలహా మీద బొడ్డుతాడు రక్తాన్ని దాచి, పాప కొంచెం ఎదిగాక మజ్జను కూడా జతచేసి ఎక్కించారు. ఈ రోజు మా బాబు రక్తం ఎక్కించుకోకుండా బడికి వెళ్తున్నాడు. మాలాంటి ఇళ్లు ఈ దేశంలో ఎన్నో ఉన్నాయి. మన దేశంలో ఏటా పదివేలకు పైగా పిల్లలు థలసీమియా మేజర్‌తో పుడుతున్నారన్నది వైద్యులు తరచూ చెప్పే అంచనా. అందరికీ కలిసే చెల్లెలో తమ్ముడో ఉండరు. వాళ్ల కోసమే ప్రజా నిధి ఉండాలని నేను కోరుకుంటాను.

అడయారు_సభ్యుడు

వేళచ్చేరి సోదరికి భిన్నమైన అభిప్రాయం కూడా తెలియాలని రాస్తున్నాను. మా పాపకు మేము ప్రైవేటు బ్యాంకులో డబ్బు కట్టి దాచాం. దానిని ఒక బీమాగానే భావించాం. రేపు ఏ జబ్బు వస్తుందో ఎవరికి తెలుసు? పైగా చెన్నై కేంద్రంగా పనిచేసే లైఫ్‌సెల్ 2017 నుంచి, సభ్యులందరి రక్తాన్ని ఒకే నిల్వగా చేసి అవసరమైన సభ్యుడికి అందులోంచి ఇచ్చే పద్ధతిని కూడా నడుపుతోంది. ప్రజా నిధిలో ఇచ్చేస్తే రేపు మన బిడ్డకు కావలసినప్పుడు మన చేతిలో ఏముంటుంది? తల్లిదండ్రులు తమ బిడ్డ గురించి ముందు ఆలోచించడం తప్పు కాదు కదా.

రక్తనిధి_సాంకేతికుడు

తప్పు కాదండీ. బిడ్డ మీద ప్రేమతో చేసిన పనిని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ ప్రేమకు తగిన ప్రయోజనం దొరుకుతుందా అన్నది వేరే ప్రశ్న.

థలసీమియా వంటి జన్యు జబ్బు బిడ్డకు ఉంటే, ఆ బిడ్డ బొడ్డుతాడు రక్తంలోని ప్రతి మూలకణంలోనూ అదే లోపం ఉంటుంది. ఆ రక్తాన్ని తిరిగి అదే బిడ్డకు ఎక్కించడం వల్ల జబ్బు పోదు. చిన్నతనంలో వచ్చే లుకేమియా విషయంలోనూ, ఆ జబ్బుకు దారితీసే మార్పులు పుట్టుకకు ముందే కణాల్లో మొదలైన సందర్భాలు ఎన్నో కనబడ్డాయి. కనుక వైద్యులు సొంత రక్తం జోలికి వెళ్లరు. పైగా దాత కణాలు మిగిలిన క్యాన్సర్ కణాలను పట్టి చంపే మేలు సొంత కణాలతో రాదు. అన్నీ కలిపి చూస్తే, ఒక బిడ్డ దాచుకున్న రక్తం మొదటి 20 ఏళ్లలో ఆ బిడ్డకే ఉపయోగపడే అవకాశం 0.04 శాతం నుంచి 0.0005 శాతం వరకు ఉంటుందన్నది వైద్య సాహిత్యంలోని అంచనా. అంటే 2,500 మందిలో ఒకరి నుంచి 2,00,000 మందిలో ఒకరి వరకు.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో సవరించిన మూలకణ మార్గదర్శకాల్లో, సొంత అవసరానికంటూ ప్రైవేటుగా దాచుకోవడానికి శాస్త్రీయమైన ఆధారం లేదనే భావంతోనే రాసింది. భారత శిశువైద్యుల అకాడమీ 2018లో అదే వైఖరి తీసుకుంది. ఒకే ఒక సందర్భాన్ని మాత్రం మినహాయించారు: ఇంట్లో పెద్ద బిడ్డకు ఈ కణాలతో నయమయ్యే జబ్బు ఉండి, తల్లి మళ్లీ గర్భవతి అయినప్పుడు దాచడం మంచిదే. పెరంబూరు నాన్నగారి కథ సరిగ్గా అదే.

ట్యాంకు చల్లగా ఉన్నంత వరకే కణాలు బతుకుతాయన్నది కూడా మరవకూడదు. సింగపూర్‌లో 2023లో ఒక ప్రైవేటు బ్యాంకు ట్యాంకుల్లో ఉష్ణోగ్రత సరిగా లేదని అక్కడి ఆరోగ్య శాఖ తేల్చింది. ఒక ట్యాంకులోనే సుమారు 2,200 మంది రక్తం పాడైంది. అలాంటి సంస్థలు అన్నీ చెడ్డవని చెప్పడం నా ఉద్దేశం కాదు. డెబ్భై అయిదేళ్ల పాటు దాస్తామనే ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడు, ఆ డెబ్భై అయిదేళ్లూ ఆ ట్యాంకును ఎవరు చూసుకుంటారో అడగాలి.

అడయారు_సభ్యుడు

లుకేమియా సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఒప్పందంలో కూడా ఆ విషయం కనబడలేదు. కణాల సంఖ్య ఎంత ఉందో మా నివేదికలో ఉంది కానీ, అది సరిపోతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

రక్తనిధి_సాంకేతికుడు

ఎక్కించుకునే వ్యక్తి బరువులో కిలోకు కనీసం 2.5 నుంచి 3 కోట్ల కేంద్రకం గల కణాలు కావాలని చూస్తారు. మీ నివేదికలోని మొత్తం సంఖ్యను దానితో భాగిస్తే, ఎన్ని కిలోల మనిషికి సరిపోతుందో తెలుస్తుంది. చాలా సంచులు చిన్న పిల్లలకు సరిపోతాయి, పెద్దవాళ్లకు సరిపోవు. అందుకే ప్రజా నిధులు ఎక్కువ కణాలున్న సంచులనే నిల్వ చేస్తాయి, మిగతావాటిని చేయవు. సేకరించిన వాటిలో సగానికి పైగా ఈ కారణంతోనే నిల్వకు వెళ్లవు. పరిశోధనకు వెళ్లేవి ముఖ్యంగా అవే.

కాన్పుగది_డాక్టరు

నేను ప్రసూతి వైద్యురాలిని. ఇంతవరకు ఎవరూ ఎత్తని ఒక విషయం చెప్పక తప్పదు, ఎందుకంటే వేళచ్చేరి అమ్మాయి అడిగిన ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది బిడ్డకు లోటు జరుగుతుందా అన్నదే.

బిడ్డ పుట్టగానే తాడు కోయకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ కొద్దిసేపట్లో మాయలో ఉన్న రక్తం బిడ్డ ఒంట్లోకి చేరుతుంది. మూడు నిమిషాలకు సుమారు 100 మిల్లీలీటర్ల వరకు వెళ్తుందని అంచనా. నెలలు నిండిన బిడ్డకు అది మొదటి కొన్ని నెలల ఇనుము నిల్వ. రక్తహీనత ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో, అందులోనూ తల్లికే హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నప్పుడు, దానిని బిడ్డకు దక్కకుండా చేసే హక్కు ఎవరికీ లేదు. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ విషయంలో ఇది మరింత ముఖ్యం.

తాడు ఆలస్యంగా కోస్తే సంచిలోకి వచ్చే రక్తం తగ్గుతుంది. ఇది నిజం. కనుక సేకరించేవాళ్లకు త్వరగా కోయాలన్న తొందర ఉంటుంది. అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజీ 2019లో ఇచ్చిన అభిప్రాయంలో, సేకరణ కోసం తాడు కోసే సమయాన్ని మార్చకూడదని స్పష్టంగా చెప్పింది. నేనూ నా రోగులకు అదే చెబుతాను. ముందు బిడ్డ, తర్వాత మిగిలినదే సంచి. సంచి నిండకపోతే నిండకపోనివ్వండి. మీ కాన్పు చేసే డాక్టరుతో ఇప్పుడే ఈ మాట మాట్లాడుకోండి అమ్మా, నొప్పులు మొదలైన తర్వాత కాదు. రక్తస్రావం ఎక్కువైనా, బిడ్డ గుండె చప్పుడు తగ్గినా సేకరణ గురించి ఆ గదిలో ఎవరూ తలచుకోరు, తలచుకోకూడదు.

మూలకణ_పరిశోధకురాలు

బెంగళూరులోని ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తున్నాను. మా ఇల్లు చెన్నైలోనే. పరిశోధనకు ఇస్తే ఏం చేస్తారన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో సమాధానం రాస్తాను.

బొడ్డుతాడు రక్తంతో ఉన్న ప్రధాన ఇబ్బంది కణాలు తక్కువ కావడం. దానివల్ల ఎక్కించిన తర్వాత తెల్ల కణాలు పెరగడం మజ్జ మార్పిడిలో కన్నా ఆలస్యమవుతుంది. ఆ వారాల్లో ఇన్‌ఫెక్షన్లు రోగిని కుంగదీస్తాయి. కనుక ఈ కణాలను ప్రయోగశాలలో పెంచడం ఎలాగన్నది ఎన్నో ఏళ్లుగా సాగుతున్న పరిశోధన. నికోటినమైడ్ అనే విటమిన్ రూపంతో పెంచిన ఓమిడుబిసెల్ అనే ఉత్పత్తికి 2023 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. టెక్సస్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో కేటీ రెజ్వానీ బృందం బొడ్డుతాడు రక్తంలోని సహజ హంతక కణాలను (జబ్బు కణాలను చంపే ఒక రకం తెల్ల కణాలను) క్యాన్సర్‌ను గుర్తించేలా మార్చి, 2020లో 11 మంది రోగుల ఫలితాలు ప్రచురించింది. వారిలో 8 మందిలో జబ్బు తగ్గింది. ఇవన్నీ ఎవరో ముక్కూమొహం తెలియని తల్లులు ఇచ్చిన రక్తంతో జరిగిన పనులు. నాకు ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా గౌరవం కలుగుతుంది.

2022లో వార్తల్లోకి వచ్చిన న్యూయార్క్ మహిళ విషయం కూడా చెప్పాలి. లుకేమియాతో పాటు హెచ్.ఐ.వి. ఉన్న ఆమెకు, ఆ వైరస్‌ను సహజంగా తట్టుకునే జన్యు మార్పు ఉన్న బొడ్డుతాడు రక్తాన్ని, దానితో పాటు ఒక బంధువు కణాలను ఎక్కించారు. వైరస్ మళ్లీ కనబడలేదు. మిశ్రమ వంశానికి చెందిన ఆమెకు అదే మార్పు ఉండి పూర్తిగా కలిసే పెద్దవాళ్ల మజ్జ దొరకడం చాలా కష్టం. బొడ్డుతాడు రక్తం అంత కచ్చితంగా కలవకపోయినా పనిచేస్తుంది, ఆరు హెచ్.ఎల్.ఎ. గుర్తుల్లో నాలుగు కలిసినా ఎక్కిస్తారు.

అయితే ఒక హెచ్చరిక. మస్తిష్క పక్షవాతం, ఆటిజం వంటి వాటికి మూలకణ చికిత్స అని ప్రకటించుకునే చోట్లను నమ్మవద్దు. ఆటిజం మీద డ్యూక్ విశ్వవిద్యాలయం చేసిన పరీక్షలో బొడ్డుతాడు రక్తం ఇచ్చిన పిల్లల్లో మొత్తం మీద ఆశించిన మెరుగుదల కనబడలేదు. మన జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం కూడా 2022లో ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫార్సు చేయబోమని చెప్పింది. పరిశోధన వేరు, డబ్బు తీసుకొని చేసే చికిత్స వేరు. పరిశోధనలో పాల్గొన్నందుకు ఎవరి దగ్గరా రుసుము తీసుకోకూడదు.

హైకోర్టు_వకీలు

సమ్మతి పత్రం గురించి రెండు మాటలు. 2011లో ఔషధ, సౌందర్య సాధనాల నియమాలకు చేసిన సవరణతో బొడ్డుతాడు రక్త బ్యాంకులకు లైసెన్సు తప్పనిసరి అయింది. లైసెన్సు లేని చోట ఇవ్వకండి. సమ్మతి పత్రంలో చికిత్సకు ఇవ్వడం, చికిత్సకు పనికిరాకపోతే పరిశోధనకు ఇవ్వడం అన్నవి వేర్వేరు అంశాలుగా, వేర్వేరు సంతకాలతో ఉన్నాయో లేదో చూసుకోండి. పరిశోధన జరిగే సంస్థలో మూలకణ పరిశోధన కమిటీ అనుమతి ఉండాలి. పేరు తీసేసి సంకేత సంఖ్య ఇస్తారా, పరీక్షల్లో బిడ్డకు ఏదైనా జన్యు జబ్బు ఉందని తేలితే మీకు చెబుతారా, ఆ కణాల నుంచి తయారైన వస్తువును కంపెనీలు అమ్ముకోవచ్చా అన్నవి అడగండి. మనసు మార్చుకుంటే, రక్తం ఇంకా వాడకముందు వెనక్కు తీసుకునే వీలు ఉందో లేదో కూడా రాసి ఉండాలి.

వేళచ్చేరి_వాసి

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. అమ్మ మొత్తం చదివి, డాక్టరు గారు చెప్పిన మూడు నిమిషాల సంగతి తనకు బాగా నచ్చిందని చెప్పింది. మా ఆసుపత్రిలో అడిగితే, ప్రజా నిధితో తమకు ఒప్పందం లేదని చెప్పారు. ఇంత మేలైన పని అయినప్పుడు ప్రజా నిధులు ఇంత అరుదుగా ఎందుకున్నాయి?

రక్తనిధి_సాంకేతికుడు

డబ్బు వల్లనే అమ్మా. ప్రైవేటు బ్యాంకుకు ప్రతి సంచికీ తల్లిదండ్రులు డబ్బు కడతారు. ప్రజా నిధికి ఎవరూ కట్టరు. సేకరణ, పరీక్షలు, ఘనీభవింపజేయడం, ఏళ్ల తరబడి ద్రవ నత్రజని నింపడం అన్నీ నిధి భరించాలి. ఎప్పుడో ఒక సంచి ఆసుపత్రికి వెళ్తేనే కొంత ఖర్చు తిరిగి వస్తుంది. అమెరికాలో 2005లో చట్టం చేసి, 1,50,000 సంచుల జాతీయ నిల్వ లక్ష్యంగా ప్రభుత్వం సొమ్ము ఇచ్చింది. బ్రిటన్‌లో 1996 నుంచి ప్రభుత్వ ఆరోగ్య సేవే నడుపుతోంది. మన దగ్గర చెన్నైలోని జీవన్ వంటి స్వచ్ఛంద సంస్థలు విరాళాల మీద ఆధారపడి ఈ పనిని భుజాన వేసుకున్నాయి. దాతల దయ మీద మాత్రమే నడిచే ద్రవ నత్రజని ట్యాంకు ఎప్పుడూ ఆందోళన కలిగించేదే.

ఇంకో కారణం ఉంది. సగమే కలిసే తల్లి, తండ్రి, తోబుట్టువుల మజ్జను ఎక్కించి, తర్వాత దాత కణాలు రోగి ఒంటి మీద దాడి చేయకుండా సైక్లోఫాస్ఫమైడ్ మందు ఇచ్చే పద్ధతి గత దశాబ్దంన్నరలో బాగా వ్యాపించింది. ఖర్చు తక్కువ, దాత ఇంట్లోనే దొరుకుతాడు. దానితో ప్రపంచమంతటా బొడ్డుతాడు రక్తం వాడకం తగ్గింది. ఇది రోగులకు మంచి వార్తే. కానీ ఆ మార్గం అందరికీ కుదరదు. నా అభిప్రాయం ఏమిటంటే, మన దేశానికి లక్షల సంచులు అవసరం లేదు. ప్రభుత్వ సొమ్ముతో, మన ప్రజల హెచ్.ఎల్.ఎ. రకాలను దృష్టిలో పెట్టుకొని ఎంచిన, ఎక్కువ కణాలున్న కొన్ని వేల సంచుల మంచి నిల్వ కావాలి. పరదేశపు నిల్వల్లో మనవాళ్లకు కలిసేవి తక్కువ. అమెరికా దాతల పట్టిక మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, యూరప్ సంతతి వారికి పూర్తిగా కలిసే దాత దొరికే అవకాశం 75 శాతం ఉంటే, కొన్ని ఇతర జాతుల వారికి 16 శాతమే ఉంది. పట్టికలో ఎవరు ఎక్కువగా ఉంటే వారికే ఎక్కువగా దొరుకుతుంది.

పెరంబూరు_నాన్న

నేనూ అదే చెప్పాలనుకున్నాను. మా బంధువుల్లో మేనరికాలు ఎక్కువ. అందువల్ల దూరపు బంధువుల్లోనూ కలిసేవారు దొరకవచ్చని, అదే మేనరికం వల్ల జబ్బు వచ్చే అవకాశం కూడా పెరుగుతుందని వైద్యులు మాకు వివరించారు. పెళ్లికి ముందో, గర్భం మొదట్లోనో థలసీమియా పరీక్ష చేయించుకోమని ఇక్కడున్న అందరినీ చేతులెత్తి వేడుకుంటున్నాను. కోల్ ఇండియా సహాయంతో 2017లో మొదలైన పథకం కింద పిల్లల మార్పిడికి 10 లక్షల రూపాయల వరకు సహాయం దొరుకుతుంది. అవసరమైనవారు తమ ఆసుపత్రిలో అడగండి.

వేళచ్చేరి_వాసి

నా పరీక్ష మామూలుగానే వచ్చింది, మా వారిది ఇంకా చేయించలేదు. ఈ వారమే చేయిస్తాం. ఇప్పుడు మా ఆసుపత్రిలో ప్రజా సేకరణ లేనప్పుడు మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

రక్తనిధి_సాంకేతికుడు

మీ కాన్పు తేదీకి ముందుగా, లైసెన్సు ఉన్న ప్రజా నిధి ఏదైనా మీ ప్రాంతంలో సేకరిస్తోందా అని ఒకసారి ఫోను చేసి అడగండి. శిక్షణ పొందిన సిబ్బంది ఉన్న ఆసుపత్రుల్లోనే వాళ్లు సేకరిస్తారు కనుక, కుదరకపోతే బాధపడవద్దు. బోధనాసుపత్రుల్లో కమిటీ అనుమతితో నడిచే పరిశోధనలకు తాజా రక్తం అవసరం కావచ్చు. మీ డాక్టరుకు ఆ సంగతి తెలుస్తుంది. అది కూడా లేకపోతే తాడు ఆలస్యంగా కోయించి, ఆ రక్తం మీ బిడ్డకే చేరనివ్వండి.

ఇవ్వాలన్న మీ మనసు మాత్రం వృథా కానక్కరలేదు. మూలకణాల దాతగా మీరే పేరు నమోదు చేసుకోవచ్చు. దాతల పేర్లు నమోదు చేసే సంస్థలైన, 2009లో చెన్నైలోనే మొదలైన దాత్రి, బెంగళూరు నుంచి పనిచేసే డి.కె.ఎం.ఎస్. ఫౌండేషన్ ఇండియా బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో నమూనా తీసుకుంటాయి. 18 ఏళ్లు నిండి, ఆ సంస్థలు పెట్టిన వయసు పరిమితిలో ఉన్న ఆరోగ్యవంతులు చేరవచ్చు. మీరు కాన్పు అయి కోలుకున్నాక చేరండి. మీ వారు ఈ లోపే చేరవచ్చు.

అడయారు_సభ్యుడు

నేనూ నా భార్యా వచ్చే ఆదివారం నమోదు చేసుకుంటాం. సాంకేతికుడు గారూ, మేము ఇప్పటికే దాచిన సంచిని ప్రజా నిధికి మార్చే వీలుందా?

రక్తనిధి_సాంకేతికుడు

సాధారణంగా కష్టమండీ. పరీక్షలు, కణాల సంఖ్య ప్రజా నిధి ప్రమాణాలకు తగినట్టు ఉండాలి, తల్లి ఆరోగ్య చరిత్ర ఆనాడే నమోదై ఉండాలి. పరిశోధనకు ఇచ్చే వీలు ఉందేమో మీ బ్యాంకుకు లేఖ రాసి అడగండి, సమాధానం కూడా లిఖితపూర్వకంగానే తీసుకోండి. ఆ లేఖలో ఏమేం అడగాలో వకీలు గారు చెబితే బాగుంటుంది.

హైకోర్టు_వకీలు

నమూనా లేఖ రేపు సాయంత్రానికి ఇక్కడే పెడతాను. మీ ఒప్పందంలో యాజమాన్యం, బదిలీ, రద్దు గురించి ఉన్న పేజీలను, మీ వివరాలు కనబడకుండా చేసి నాకు పంపండి.